నారింజ పండని చోట మర్మెలాదా

వ్లాస్తా ఫెకోన్యా చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ల అత్తగారికి నాలుగేళ్లయినా అంతుపట్టలేదు. కోడలు లా చదివింది, కోర్టుకు మాత్రం వెళ్లదు. సోమవారం తెల్లవారగానే గోర్న్యా రాద్గోనా నుంచి పాత రెనో కారులో ల్యుబ్ల్యానాకు పోతుంది, శుక్రవారం సాయంత్రం కళ్లు ఎర్రగా చేసుకుని తిరిగొస్తుంది.

"అనువాదాలట," అని ఇరుగుపొరుగుతో చెప్పేది గెనొవేఫా. "పరాయివాళ్లు రాసుకున్న చట్టాలన్నీ మన భాషలోకి దించుతుందట. ఎనభై వేల పేజీలట! ఎవరు చదువుతారే ఇవన్నీ అని అడిగాను. ఎవరూ చదవకపోయినా ఉండాలి అత్తయ్యా అంది."

ఆ మాట నిజమే. 2004 మే నెలలో స్లొవేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరాలంటే, అందులో ముందునుంచీ ఉన్న దేశాలు యాభై ఏళ్లుగా కలిసి కూర్చుని చేసుకున్న చట్టాలన్నీ స్లొవీన్ భాషలో సిద్ధంగా ఉండాలి. ఆ పాఠాన్ని ఫ్రెంచి పాఠానికో జర్మన్ పాఠానికో నకలుగా చూడరు. అది కూడా చట్టమే, వాటితో సరిసమానంగా. ఇరవై లక్షలమంది మాట్లాడే భాష కోట్లమంది మాట్లాడే భాషల పక్కన, వాటంత ఎత్తు కుర్చీలో కూర్చుంటుంది. వ్లాస్తాకు ఆ ఉద్యోగంలో నచ్చింది అదే. గొర్రెల చెవులకు తగిలించే బిళ్లల గురించి, ట్రాక్టరు అద్దాల మందం గురించి రోజంతా రాసి మెడ పట్టేసినప్పుడు కూడా ఆ సంగతి తలుచుకుంటే హుషారు వచ్చేది.

2003 ఫిబ్రవరి ఆఖరి వారంలో ఆమె బల్లమీదికి పండ్ల నిల్వ పదార్థాల చట్టం వచ్చింది. పది పేజీలు కూడా లేదు. మధ్యాహ్నానికి అయిపోతుందనుకుంది. మూడో పేజీలో ఒక నిర్వచనం దగ్గర ఆమె పెన్సిలు ఆగిపోయింది. మర్మెలాదా అంటే నీళ్లు, చక్కెర, నిమ్మజాతి పండ్ల గుజ్జు, రసం, తొక్కలతో చేసినది మాత్రమేనట. మిగతా ఏ పండుతో చేసినా దాన్ని జామ్ అనాలట.

వ్లాస్తాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. వాళ్ల దేశంలో ఆప్రికాట్‌తో చేసినా, ప్లమ్‌తో చేసినా, గులాబీ కాయలతో చేసినా అన్నీ మర్మెలాదాలే. పసిపిల్లలు అమ్మ, నాన్న తర్వాత నేర్చే మాటల్లో అదొకటి. ఇక మూరా నది ఒడ్డున, ఆమె అత్తగారి ఊళ్లో, నారింజ అనేది దుకాణంలో తప్ప చెట్టున ఎవరూ చూసింది లేదు.

ఆ కాగితం పట్టుకుని ఆమె తన పై అధికారి లియోపోల్డ్ హ్రెన్ గదిలోకి వెళ్లింది. హ్రెన్‌కు అరవై దాటాయి. యుగోస్లావియా కాలం నుంచీ చట్టాల ముసాయిదాలు రాసిన మనిషి. కామా తప్పు పడితే అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టేవాడు.

"హ్రెన్ గారూ, దీని ప్రకారం మా అత్తగారు నలభై ఏళ్లుగా మర్మెలాదా చెయ్యడం లేదండీ."

"మరేం చేస్తున్నారు?"

"జామ్ చేస్తున్నారు."

"చేస్తే తప్పేముంది?"

"తప్పేం లేదు. ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్తారూ అని."

హ్రెన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, అందులో ఉన్నది మన భాషలోకి రావాలి. తగ్గకూడదు, పెరగకూడదు. మన వంటింటి సంగతులు అందులో దూర్చడానికి లేదు. అలాగే రాయి."

ఆమె అలాగే రాసింది. మనసుకు మాత్రం ఆ వాక్యం ఎక్కలేదు.

ఆ శనివారం ఇంట్లో క్రోఫీలు వండుతున్నారు. పెద్ద ఉపవాసాలకు ముందు వచ్చే పుస్త్ పండగకు ఆ ప్రాంతంలో క్రోఫీలు లేని ఇల్లుండదు. పులిసిన పిండిని ఉండలు చేసి, నూనెలో పొంగించి, లోపల ఆప్రికాట్ మర్మెలాదా కూరి, పైన చక్కెర పొడి చల్లుతారు. గెనొవేఫా వేయించిన క్రోఫీకి నడుం చుట్టూ తెల్లటి పట్టీ కచ్చితంగా రావలసిందే. రాని దాన్ని కొడుకు స్రేచ్కో ముందు పడేసేది. షాంపేన్ లాంటి నురగలొచ్చే వైన్ తయారుచేసే కొట్లలో పనిచేసే స్రేచ్కో, పట్టీ రానివి ఎక్కువ రావాలని పక్కనే కాచుకుని కూర్చునేవాడు.

వ్లాస్తా చిన్న గొట్టంతో మర్మెలాదా కూరుతూ, ఆలోచించకుండా అనేసింది: "వచ్చే ఏడాదికి దీన్ని జామ్ అనాల్సొస్తుందేమో అత్తయ్యా."

"దేన్నీ?"

"దీన్నే. కొత్త చట్టంలో మర్మెలాదా అంటే నారింజలతో చేసిందేనట."

స్రేచ్కో పకపకా నవ్వాడు. గెనొవేఫా నవ్వలేదు. స్టవ్ మంట తగ్గించింది. డెబ్భై ఒకటో ఏట కూడా నిటారుగా నిలబడే మనిషి, నడుంమీద చెయ్యి పెట్టుకుని కోడలివైపు తిరిగింది.

"ఎవరు రాశారా మాట?"

"ఎప్పుడో రాశారండీ. ఇంగ్లండ్‌వాళ్లకి మర్మలేడ్ అంటే నారింజతో చేసిందే కదా, అందుకని..."

"స్లొవీన్‌లో ఎవరు రాశారని అడుగుతున్నా."

వ్లాస్తా చేతిలో గొట్టం పక్కన పెట్టింది. తర్వాత మెల్లిగా, "నేనే," అంది.

"ఓసి నీ చదువు సంతకెళ్లా!" అంది గెనొవేఫా. "నా వంటింట్లో కూర్చుని, నేను చేసింది నాలుగేళ్లుగా సీసాలకి సీసాలు ఖాళీ చేసి, అది మర్మెలాదా కాదని నువ్వే రాశావా? చట్టమూ లేదు, చట్టుబండలూ లేదు. ఇరవై మూడో తారీకున ఓట్లు కదా? యూనియన్‌లో చేరాలా వద్దా అని అడుగుతారు కదా? వద్దు అని వేస్తా."

"అమ్మా, జామ్ కోసం దేశాన్ని ఆపేస్తావా?" అన్నాడు స్రేచ్కో.

"నోర్మూసుకుని పట్టీ లేనివి తిను నువ్వు."

ఆ మాట ఊరంతా పాకడానికి రెండు రోజులు పట్టలేదు. తర్వాతి శనివారం సంతలో గెనొవేఫా సీసాలు అమ్ముకునే బల్ల దగ్గరికి వచ్చినవాళ్లంతా "ఏం పిన్నీ, నీ దగ్గర జామ్ ఉందా?" అని ఆటపట్టించారు. ఒక్కొక్కరికీ ఒక్కో తిట్టు దొరికింది.

ఓటింగుకు వారం ముందు, ఆదివారం చర్చి అయ్యాక, అగ్నిమాపక దళం హాల్లో సభ పెట్టారు. ఊరి మేయరు వ్లాస్తాను వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఎనభైమంది దాకా వచ్చారు. స్రేచ్కో పనిచేసే వైన్ కొట్లలోనే చేసి రిటైరైన అలోయిజ్ రోయ్‌కో ముందు వరసలోంచి లేచాడు.

"మా తాతకి ఏం చెయ్యాలో వియన్నాలో కూర్చున్న చక్రవర్తి చెప్పాడు. మా నాన్నకీ నాకూ యుగోస్లావియా రోజుల్లో బెల్‌గ్రేడ్‌వాళ్లు చెప్పారు. ఇప్పుడు యూనియన్ పేరుతో బ్రస్సెల్స్‌వాళ్లు చెప్తారు. మనం చెప్పేదెప్పుడమ్మా?"

"అక్కడ చెప్పేవాళ్లలో మనమూ ఉంటాం అలోయిజ్ మావయ్యా," అంది వ్లాస్తా. "చట్టం చేసే బల్లదగ్గర మన మంత్రికో కుర్చీ ఉంటుంది. ఉమ్మడి కోర్టులో మన జడ్జి ఉంటారు. అక్కడ ఉత్తరం రాస్తే మన భాషలోనే జవాబు రావాలి, అది రూలు. వియన్నా ఎప్పుడైనా ఇచ్చిందా అది?"

చప్పట్లు పడ్డాయి. వ్లాస్తాకు ధైర్యం వచ్చింది. అప్పుడు నాలుగో వరసలో గెనొవేఫా లేచి నిలబడింది. హాలంతా ముందే నవ్వడం మొదలుపెట్టింది.

"ఒక్కటే అడుగుతాను," అంది గెనొవేఫా, కోడలిని పరాయి మనిషిలా మీరు అని పిలుస్తూ. "చట్టం మన భాషలో ఉంటుందన్నారు. బాగానే ఉంది. మరి మన భాషలో మనం అనే మాట అందులో ఎందుకు లేదు? భాష మాది, అర్థం వాళ్లదా?"

నవ్వులు ఆగిపోయాయి. వ్లాస్తా మైకు పట్టుకుని నిలబడింది. దబాయించడానికి నాలుగు జవాబులు ఆమె నాలుక చివరే ఉన్నాయి. అత్తగారి ముఖం చూసి అవన్నీ మింగేసింది.

"నాకు తెలియదు," అంది. "కనుక్కుంటాను."

ఇంటికి నడుస్తుంటే గెనొవేఫా మామూలుగానే ఉంది. "తెలియదని చెప్పావు చూడు, అది బాగుంది," అంది. కొంతదూరం పోయాక, వ్లాస్తా అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"నలభై ఒకటిలో, యుద్ధంలో జర్మన్లు మన ఊరు పట్టుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఈస్టర్ సెలవలయ్యాక బడికి వెళ్తే మా టీచరు లేదు, కొత్తాయన ఉన్నాడు. స్లొవీన్‌లో ఒక్కమాట వినపడినా బెత్తం దెబ్బే. మాకేమో జర్మన్ సరిగా రాదు. దాంతో నోరు కుట్టేసుకుని కూర్చునేవాళ్లం. తిండివేళ మాత్రం రొట్టెమీద ఏముందని ఆయన అడిగేవాడు. మర్మెలాదా అనేదాన్ని. వాళ్ల భాషలోనూ అదే మాట కదా, మర్మెలాదె. ఆయనకి నేను ఏ భాషలో చెప్పానో తెలిసేది కాదు. నాకు మాత్రం తెలుసు. రోజుకి ఒక్కసారి, గట్టిగా, దెబ్బ పడకుండా నా భాషలో మాట్లాడేదాన్ని. నాలుగేళ్లు."

వ్లాస్తా నడక ఆపేసింది. "ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఇంతకుముందు నువ్వెప్పుడూ ఆ మాట మార్చలేదుగా," అంది గెనొవేఫా. "నడువు, చారు చల్లారిపోతుంది."

మరుసటి శనివారం గెనొవేఫా కోడలిని నది అవతలికి తీసుకెళ్లింది. మూరామీద వంతెన దాటితే ఆస్ట్రియా. ఆ ఊరి పేరు కూడా రాద్గోనాయే, వాళ్లు తమ భాషలో వేరేగా అంటారు. వంతెన చివర పోలీసు ఇద్దరి పాస్‌పోర్టులూ తిరగేసి, గెనొవేఫా బుట్టవైపు అనుమానంగా చూశాడు. "అందులో ఏముంది?" అన్నాడు. "జామ్," అంది గెనొవేఫా, కోడలివైపు ఓరగా చూస్తూ.

అవతలి సంతలో హెర్మీనె పిఖ్లర్ అనే ఆవిడ బల్ల ఉంది. అరవై అయిదేళ్లు, బొద్దుగా, గట్టి గొంతుతో. ఆమె కూడా ఆప్రికాట్లు ఉడికించి సీసాల్లో పెట్టి అమ్మేది. ఇద్దరికీ పదేళ్ల స్నేహం. పదేళ్ల పోటీ కూడా. కలిసినప్పుడల్లా సీసాలు మార్చుకునేవారు, తర్వాత ఎవరింటికి వారు వెళ్లి రెండోవాళ్ల దాంట్లో తీపి ఎక్కువైందని చెప్పుకునేవారు. ఒకప్పుడు బెత్తంతో నేర్పిన జర్మన్‌లోనే గెనొవేఫా ఇప్పుడు హెర్మీనెను ఏడిపించేది.

"ఇదిగో, మా కోడలు. మర్మెలాదాని చంపిన మనిషి," అని పరిచయం చేసింది.

హెర్మీనె ఘొల్లున నవ్వింది. "నువ్వు చంపలేదమ్మా, మాకు ఎనిమిదేళ్ల కిందటే చచ్చింది. చూడు." సీసా తిప్పి చూపించింది. పైన పెద్ద అక్షరాలతో 'అమ్మమ్మ చేతిది' అని, కింద చీమ తలకాయంత అక్షరాలతో చట్టం చెప్పిన మాట ఉంది. "మేం యూనియన్‌లో చేరినప్పుడు ఇది ఎవరూ పట్టించుకోలేదు. సంతకం పెట్టేశాక ఇన్‌స్పెక్టరు వచ్చి, మర్మెలాదె అని రాయకూడదన్నాడు. నేనేం రాస్తే వాడికేంటి? కొనడానికి వచ్చినవాళ్లు మర్మెలాదె ఇమ్మనే అడుగుతారు, ఆ మాట అనకుండా నేను ఇస్తాను. దొంగసరుకు అమ్మినట్టు."

"మరి ఊరుకున్నారా?" అంది వ్లాస్తా.

"ఎందుకు ఊరుకుంటాం! మా రైతు సంఘం ఉత్తరం రాసింది. మా ప్రభుత్వం బ్రస్సెల్స్‌ని అడుగుతోంది, సంతల్లో అమ్ముకునేవాళ్లనైనా వదిలెయ్యమని. ఏళ్లుగా అడుగుతోంది. ఒక్కళ్లే అడిగితే మొండితనం అంటారమ్మా. ఇద్దరు అడిగితే అప్పుడు సమస్య అంటారు." ఆమె డబ్బాలోంచి మడతలు పడ్డ ఉత్తరం నకలు తీసి వ్లాస్తా చేతిలో పెట్టింది. "మీరు బయట నిలబడి తిట్టేకంటే లోపలికొచ్చి తిట్టండి. లోపల తిడితే రాసుకుంటారు."

తిరిగివచ్చేటప్పుడు వంతెన మధ్యలో గెనొవేఫా కాసేపు ఆగి నీళ్లవైపు చూసింది. మంచు కరిగి నది బురదగా, వడిగా పారుతోంది.

మర్నాడు చర్చికి వేసుకునే నల్లకోటు వేసుకుని ఓటు వెయ్యడానికి వెళ్లింది. బయటికొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"చేరాలనే వేశాను. ఊరికే వెయ్యలేదు. నీకు పని అప్పజెప్పి వేశాను."

ఆ సాయంత్రం లెక్క తేలింది. దేశంలో ఓటేసిన పదిమందిలో తొమ్మిదిమంది దాకా అవుననే అన్నారు. స్రేచ్కో వైన్ సీసా తెరిచాడు. వ్లాస్తాకు మాత్రం ఆ ఒక్క ఓటు మిగతావాటన్నిటికంటే బరువుగా తోచింది.

మే నెలలో వ్లాస్తా బ్రస్సెల్స్ వెళ్లింది. అనువాదమైన చట్టాలను అక్కడి న్యాయ పరిశీలకులతో కూర్చుని, మాట మాట సరిచూసుకోవాలి. కిటికీ లేని గది, పొడవాటి బల్ల, చల్లారిన కాఫీ. సమావేశం నడిపేది గ్రాసియెత్ వలదాఁవ్ అనే పోర్చుగల్ ఆవిడ. పక్కన ఎత్తొరె అనే ఇటలీ లాయరు. మధ్యాహ్నం దాకా చేపల వలల కన్నాల కొలతలతో సరిపోయింది. తర్వాత పండ్ల చట్టం వచ్చింది. వ్లాస్తా గొంతు సవరించుకుని, ఈ ఒక్క మాట దగ్గర తనకో ఇబ్బంది ఉందని చెప్పింది.

ఎత్తొరె తల పట్టుకున్నాడు. "మా అమ్మకి ఈ సంగతి నేనింతవరకు చెప్పలేదు," అన్నాడు. "ఈ చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇటలీలో కూడా అన్ని పండ్లకీ అదే మాట. ఆవిడ రోజూ చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటుంది, నేను రోజూ తింటూ ఉంటాను."

"మా ఊళ్లో అసలు మర్మెలాదా అంటే ఏంటో తెలుసా?" అంది గ్రాసియెత్. "మర్మెలో అని గట్టి పసుపుపచ్చటి పండుంటుంది, పచ్చిగా తింటే పళ్లు ఊడతాయి. దాన్ని ఉడికించి, ముద్దగా ఆరబెట్టి, చాకుతో కోసుకుని తింటాం. ఆ మాట పుట్టిందే మా దగ్గర. అందుకని మా భాషలో చట్టం రాసినప్పుడు, నారింజతో చేసినదానికి వేరే పేరు పెట్టారు. మాది మాకే వదిలేశారు."

"అయితే మాట మార్చుకోవచ్చా?" అంది వ్లాస్తా, కుర్చీ ముందుకు జరిపి.

"అప్పుడు మావాళ్లు చట్టం చేసే బల్లదగ్గరే కూర్చుని అడిగారు. ఇప్పుడు ఈ గదిలో మనం చేసేది సరిచూడడం వరకే. చట్టాన్ని మార్చే అధికారం నీకూ లేదు, నాకూ లేదు." గ్రాసియెత్ పెన్ను మూత తీసింది. "కానీ సందేహం ఉంటే నోట్ రాసే అధికారం ఉంది. అది పైకి వెళ్తుంది. ఆస్ట్రియావాళ్ల ఫైలు ఇప్పటికే అక్కడ ఉంది. దాని పక్కన నీది పెడితే, రెండు దేశాల గోల అవుతుంది. నీ దగ్గర కాగితాలేమైనా ఉన్నాయా?"

వ్లాస్తా సంచీలోంచి హెర్మీనె ఇచ్చిన ఉత్తరం తీసింది. దానితోపాటు గెనొవేఫా చేతిరాత ఉన్న సీసా చీటీ ఒకటి కూడా. ఎత్తొరె దాన్ని అందుకుని వాసన చూశాడు.

"ఆప్రికాట్," అన్నాడు. "సీసా తేలేదా?"

సీసా కూడా తెచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురూ బ్రెడ్ తెప్పించుకుని దాన్ని సగం ఖాళీ చేశారు.

నోట్‌మీద హ్రెన్ సంతకం కావాలి. వ్లాస్తా భయపడుతూనే ల్యుబ్ల్యానాలో ఆయన ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. మూడో వాక్యంలో ఒక కామా తీసేశాడు, అయిదో వాక్యంలో ఒకటి చేర్చాడు.

"తగ్గకూడదు, పెరగకూడదు అని చెప్పాను కదా," అన్నాడు.

"చెప్పారండీ. అనువాదంలో ఏమీ మార్చలేదు. ఇది విడిగా రాసింది."

"అదే చూస్తున్నా. విడిగా రాయడం మంచి పద్ధతి." సంతకం పెట్టి, కాగితం వెనక్కి తోస్తూ గొంతు తగ్గించాడు. "మా ఆవిడ కూడా అడిగింది. తను చేసేది మర్మెలాదా కాదా అని."

ఆ తర్వాత చాలాకాలం ఏమీ జరగలేదు. ఫైళ్లు నడిచే తీరు అంతే. వ్లాస్తా టైర్ల గురించి, ఓడల దీపాల గురించి, మూగజీవాల రవాణా గురించి అనువదిస్తూ పోయింది. గెనొవేఫా ప్రతి శుక్రవారం గుమ్మంలోనే "ఏమన్నారు?" అనేది. "ఇంకా లేదు అత్తయ్యా," అనేది వ్లాస్తా. "తొందరేం లేదు. చెట్లు ఎక్కడికీ పోవు," అనేది గెనొవేఫా. నాలుగైదు నెలలకు వాళ్లిద్దరి మధ్యా ఆ ప్రశ్న పలకరింపు లాంటిదైపోయింది. అంతకుముందు కోడలు కారు దిగగానే భోజనం సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడని గెనొవేఫా, ఇప్పుడు ఆ వారం ఏ చట్టం రాసిందో అడిగి తెలుసుకునేది. ఓడల దీపాలు ఆమెకు బాగా నచ్చాయి. "అవసరమే మరి, చీకట్లో గుద్దుకుంటే?" అంది.

2004 మే ఒకటిన దేశం యూనియన్‌లో చేరింది. వంతెనమీద రెండు ఊళ్ల బ్యాండు మేళాలూ ఒకేసారి వేర్వేరు పాటలు వాయించాయి. అలోయిజ్ రోయ్‌కో ఆస్ట్రియా మేయరుకు వైన్ పోస్తూ, తాను మొదటినుంచీ దీనికి అనుకూలమేనని చెప్పుకున్నాడు.

జవాబు జూన్‌లో వచ్చింది. వ్లాస్తా దాన్ని ఆఫీసులో నిలబడే చదివింది. స్థానిక సంతల్లో, వారపు అంగళ్లలో, తయారుచేసినవాళ్లే నేరుగా అమ్ముకునేటప్పుడు, పాత పేరు వాడుకోవచ్చు. పెద్ద దుకాణాలకూ ఎగుమతులకూ మాత్రం ఉమ్మడి చట్టమే. ఎవరి దేశంలో ఎలా అమలు చెయ్యాలో ఆ దేశం తన నిబంధనలో రాసుకోవాలి.

ఇంటికి ఫోన్ చేసింది. అవతల గెనొవేఫా అంతా రెండుసార్లు చెప్పించుకుంది.

"సగం గెలిచామన్నమాట," అంది చివరికి.

"సగమేనండీ."

"నాకు పెద్ద దుకాణం ఎలాగూ లేదు. నా సగం నాకొచ్చింది. హెర్మీనెకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు."

ఇక ఆ నిబంధన రాయాలి. హ్రెన్ ఆ పని వ్లాస్తాకు అప్పగించాడు. ఆమె తెల్లకాగితం ముందు కూర్చుంది, గంటయినా కలం కదల్లేదు. అయిదేళ్లలో ఆమె వేల వాక్యాలు రాసింది, అన్నీ ముందెవరో ఇంకో భాషలో రాసి ఉంచినవే. దీనికి పక్కన చూసి రాయడానికి ఏ పాఠమూ లేదు. మొదటిసారి తన భాషలోనే పుట్టాల్సిన వాక్యం. ఆ ఆలోచనకు చెమట పట్టింది, ఆనందంగానూ ఉంది.

జూలై రెండో వారంలో, ఆదివారం మధ్యాహ్నం, హ్రెన్ భార్యతో కలిసి గోర్న్యా రాద్గోనా వచ్చాడు. ముసాయిదా చూడ్డానికని చెప్పాడు, కారులో మాత్రం నాలుగు ఖాళీ సీసాలు తెచ్చాడు. హెర్మీనె కూడా గుర్తింపు కార్డు ఊపుకుంటూ వంతెన దాటి వచ్చింది. పెరట్లో బల్లవేసి, అందరూ చుట్టూ కూర్చుని ఆప్రికాట్ల గింజలు తీస్తున్నారు. కందిరీగలు ముసురుతున్నాయి. స్రేచ్కో బుట్టలు మోస్తూ, మోసినప్పుడల్లా నాలుగు నోట్లో వేసుకుంటున్నాడు.

వ్లాస్తా చెయ్యి తుడుచుకుని ముసాయిదా పైకి చదివింది. "స్వయముగా ఉత్పత్తి చేసిన వ్యక్తి, స్థానిక విక్రయ స్థలమునందు అంతిమ వినియోగదారునకు నేరుగా విక్రయించు సందర్భమున..."

"ఎవరికి?" అంది గెనొవేఫా.

"అంతిమ వినియోగదారుకి."

"చచ్చేముందు తినేవాడికా?"

హెర్మీనెకు స్లొవీన్ అంతంతమాత్రమే వచ్చు. స్రేచ్కో జర్మన్‌లో చెప్పేసరికి నవ్వుతూ పండు మింగి పొలమారింది. హ్రెన్ మాత్రం గంభీరంగా ఉన్నాడు.

"అది చట్టభాష అండీ. నలభై ఏళ్లుగా వాడుతున్నాం."

"నలభై ఏళ్లుగా ఎవరికీ అర్థం కాలేదు. కొనుక్కునేవాళ్లు అని రాస్తే ఏం పోతుంది?"

హ్రెన్ జేబులోంచి పెన్ను తీశాడు. దానికి ఆప్రికాట్ రసం అంటుకుంది. "కొనుక్కునేవాళ్లు," అని తనలో తాను రెండుసార్లు అనుకుని చూశాడు. "ఇంకో అర్థం వచ్చే అవకాశం... లేదు. ఉన్నట్టు లేదు. వ్లాస్తా, నీకేమైనా తోస్తోందా?"

"లేదండీ. స్పష్టంగానే ఉంది."

"అయితే మిగతాది కూడా మళ్లీ చదువు," అంది గెనొవేఫా, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "మెల్లిగా చదువు. సంతలో ఇన్‌స్పెక్టరు వస్తే నేను చూడకుండా చెప్పగలిగేట్టుండాలి."

అలా ఆ మధ్యాహ్నమంతా, పండ్లు చీలుస్తూ, అందరూ కలిసి ఆ వాక్యాన్ని కోసి కోసి చిన్నది చేశారు. హ్రెన్ భార్య 'స్వయముగా ఉత్పత్తి చేసిన' తీసేసి 'తన చేత్తో చేసిన' పెట్టమంది. హ్రెన్ దానికి ఒప్పుకోలేదు, గంట తర్వాత ఒప్పుకున్నాడు. 'సందర్భమున' ఎవరూ అడక్కుండానే ఆయనే కొట్టేశాడు. చివరికి ఒకటిన్నర పంక్తి మిగిలింది. గెనొవేఫా దాన్ని ఒకసారి విని, కాగితం చూడకుండా గడగడా అప్పజెప్పింది.

శరదృతువులో ఆ నిబంధన ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయింది, ఒక్క అక్షరం మారకుండా. వ్లాస్తా రెండు కాపీలు తెచ్చింది. ఒకటి గెనొవేఫా సంత బల్లమీద, ప్లాస్టిక్ సంచీలో పెట్టి మేకు కొట్టింది. రెండోది అడిగి మరీ తీసుకుని వంతెన దాటింది. తన భాషలో ఉన్న ఆ కాగితాన్ని హెర్మీనెకు వేలు పెట్టి చూపిస్తూ, మాట మాటకు అర్థం చెప్పి, పలకడం నేర్పింది. హెర్మీనె తప్పు పలికినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి చెప్పించింది.